జ్వరం తగ్గింది, వాన తగ్గింది, కోపం తగ్గింది: ఇంగ్లీషులో మూడింటికీ ఒకే మాట చాలదు

అమెరికా నుంచి వచ్చిన చుట్టాలు తెచ్చే టైలెనాల్ సీసా చాలా ఇళ్ళలో ఉంటుంది. దాని మీద పెద్ద అక్షరాలతో "పెయిన్ రిలీవర్, ఫీవర్ రెడ్యూసర్" అని రాసి ఉంటుంది. లోపల ఉన్న మందు ఒకటే, మన పారాసిటమాలే. అయినా నొప్పికి ఒక క్రియ వాడారు, జ్వరానికి ఇంకో క్రియ వాడారు. మనమైతే "నొప్పి, జ్వరం తగ్గిస్తుంది" అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళం.

విదేశాలకు వెళ్ళే నర్సులకు ఇంగ్లీషు చెప్పడం నా పని. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి రోజు ఆ సీసాని బల్ల మీద పెట్టి, ఈ రెండు మాటలు ఎందుకు వేరయ్యాయో చెప్పమంటాను. గది కాసేపు నిశ్శబ్దమైపోతుంది. తర్వాత ఎవరో ఒకరు "జ్వరానికి థర్మామీటర్ ఉంది మేడమ్, నొప్పికి లేదు" అంటారు. సగం జవాబు అదే. జ్వరం ఒక అంకె. 103 నుంచి 100కి దింపగలం. అంకెను దింపితే "రెడ్యూస్". నొప్పి మనిషి మీద కూర్చున్న బరువు. ఆ బరువు కింద నుంచి మనిషిని లేపితే "రిలీవ్".

ఇంగ్లీషులో ఇలాంటి మాటలు చాలానే ఉన్నాయి: రిలీవ్, అలీవియేట్, మిటిగేట్, ఈజ్, అబేట్, సబ్‌సైడ్, అలే, అస్వేజ్, సూద్, లెసెన్. నిఘంటువు తెరిస్తే ప్రతిదానికీ ఎదురుగా "తగ్గించు, ఉపశమింపజేయు" అనే ఉంటుంది. అందుకే మనవాళ్ళు అన్నిటికీ "రెడ్యూస్" వాడేసి ఊరుకుంటారు. "మై ఫీవర్ ఈజ్ రెడ్యూస్డ్, రెయిన్ ఈజ్ రెడ్యూస్డ్, హిజ్ యాంగర్ ఈజ్ రెడ్యూస్డ్."

నేను చెప్పే ఉపాయం ఒకటే. ఇంగ్లీషు మాట కోసం వెతికే ముందు "తగ్గింది"కి బదులు తెలుగులోనే ఇంకో మాట పెట్టి చూడండి. మనకి వాటికి కరువు లేదు. జ్వరం దిగుతుంది. వాన తెరిపిస్తుంది. కోపం చల్లారుతుంది. గొడవ సద్దుమణుగుతుంది. మత్తు వదులుతుంది. ఆకలి తీరుతుంది. ఆంక్షలు సడలుతాయి. వరద తగ్గుముఖం పడుతుంది. గుండె తేలికపడుతుంది. తెలంగాణలో పానం నిమ్మలమైతది. ఈ మాటల్లో ఏది సరిగ్గా అతికిందో చూసుకుంటే, ఇంగ్లీషు మాట దాదాపు దానంతట అదే దొరుకుతుంది.

దిగిందా? అయితే రెడ్యూస్ కంటే కమ్ డౌన్ మేలు

"రెడ్యూస్" చెడ్డ మాటేం కాదు. ఖర్చులు, ధరలు, వేగం, రిస్కు, మందు మోతాదు, ఉప్పు, చక్కెర, ఇలా లెక్కకి వచ్చే వాటన్నిటికీ అదే సరైన మాట. కానీ అది ఎవరో చేసే పని. డాక్టరు డోసు రెడ్యూస్ చేస్తాడు, కంపెనీ ధర రెడ్యూస్ చేస్తుంది. తనంతట తాను దిగినదానికి ఇంగ్లీషు దేశాలవాళ్ళు "కమ్ డౌన్" అనో "గో డౌన్" అనో అంటారు. "హర్ ఫీవర్ హాజ్ కమ్ డౌన్", "ద స్వెల్లింగ్ హాజ్ గాన్ డౌన్." వాపు దిగింది, జ్వరం దిగింది అన్నప్పుడు మన నోటికి వచ్చేది కూడా అదే కదా.

"ఐ హావ్ టు రెడ్యూస్ వెయిట్" అంటే వాళ్ళకి అర్థమవుతుంది గానీ, వాళ్ళు మాత్రం "లూజ్ వెయిట్" అంటారు. టీవీ సౌండు తగ్గించమనడానికి "టర్న్ ఇట్ డౌన్". బండి మెల్లగా పోనివ్వమనడానికి "స్లో డౌన్". రోడ్డు పక్క బోర్డు మీద మాత్రం "రెడ్యూస్ స్పీడ్" అనే ఉంటుంది, ఎందుకంటే బోర్డు మాట్లాడేది రాతభాష. కొట్టువాడిని బేరమాడేటప్పుడు "రెడ్యూస్ ద ప్రైస్" అంటే ఆజ్ఞాపించినట్టుంటుంది. "కెన్ యూ కమ్ డౌన్ ఎ బిట్?" అంటే అడిగినట్టుంటుంది.

ఈ మాటతో మా ఇంట్లోనే ఒక పొరపాటు జరిగింది. ఆసుపత్రి కాగితం చదివే ప్రతివాళ్ళకీ అది పనికొస్తుందని చెబుతున్నాను. మా పెద్దమ్మ బాత్‌రూమ్‌లో జారి పడితే ఎడమ మణికట్టు విరిగింది. డిశ్చార్జి కాగితంలో "క్లోజ్డ్ రిడక్షన్ డన్, కాస్ట్ అప్లైడ్" అని రాశారు. దూరాన ఉన్న మా తమ్ముడు వాట్సాప్‌లో ఆ కాగితం చూసి, "ఫ్రాక్చర్ రెడ్యూస్ అయిందట, తగ్గిపోయిందన్నమాట, ఇక వచ్చే వారం ప్రయాణానికి టికెట్ తీస్తా" అన్నాడు. పెద్దమ్మ కూడా నమ్మి, రెండో వారానికే ఆ చేత్తో బిందె ఎత్తబోయింది. అదృష్టం, పక్కింటావిడ చూసి ఆపింది.

ఎముకల వైద్యంలో "రిడక్షన్" అంటే తగ్గడం కాదు. తప్పుకున్న ఎముకను లాగి తిరిగి దాని చోట కూర్చోబెట్టడం. లాటిన్‌లో "రే" అంటే వెనక్కి, "డూకెరే" అంటే నడిపించడం. వెనక్కి తీసుకురావడం అన్నదే ఆ మాట అసలు అర్థం. కోత లేకుండా పైనుంచే సరిపెడితే క్లోజ్డ్ రిడక్షన్. కోసి ఎముకను చూస్తూ సరిపెట్టి, ప్లేట్లు, స్క్రూలు బిగిస్తే ఓపెన్ రిడక్షన్ ఇంటర్నల్ ఫిక్సేషన్. కేసు షీటులో "ఓఆర్ఐఎఫ్" అని కనిపించే నాలుగక్షరాలు ఇవే. పుత్తూరు కట్టు గురించి విన్నవాళ్ళకి ఎముకను సరిపెట్టి కట్టడం కొత్త సంగతేం కాదు, దాని ఇంగ్లీషు పేరే కొత్త. జారిన భుజాన్నీ, బయటికి పొడుచుకొచ్చిన హెర్నియానీ లోపలికి పంపడాన్ని కూడా "రెడ్యూస్" అనే అంటారు. కాబట్టి ఆర్థోపెడిక్ కాగితంలో ఆ మాట కనిపిస్తే జబ్బు నయమైందని అనుకోకండి. వైద్యం మొదలైందని అర్థం.

బరువు దిగిందా? రిలీవ్, అలీవియేట్

ఈ రెండూ ఒకే వేరు నుంచి వచ్చాయి. లాటిన్‌లో "లెవిస్" అంటే తేలిక. మన "తేలికపడింది"కి అచ్చంగా తోబుట్టువులు. అయితే వాక్యంలో రెండూ ఒకేలా కూర్చోవు.

"రిలీవ్" మనిషినీ పట్టుకుంటుంది, బాధనీ పట్టుకుంటుంది. "ఇట్ రిలీవ్డ్ ద పెయిన్" అనొచ్చు, "ఇట్ రిలీవ్డ్ హర్ ఆఫ్ ద బర్డెన్" అనీ అనొచ్చు. "అలీవియేట్"కి మనిషితో పనిలేదు, అది బాధనే పట్టుకుంటుంది. "అలీవియేటెడ్ హర్" అంటే తప్పు. "అలీవియేటెడ్ హర్ సఫరింగ్" అంటే ఒప్పు. ఇంకో తేడా కూడా ఉంది. అలీవియేట్‌లో బాధ తేలికవుతుంది గానీ దాని మూలం అలాగే ఉంటుంది. రిలీవ్ అయితే తాత్కాలికమూ కావచ్చు, పూర్తిగానూ కావచ్చు. అందుకే ఆ టైలెనాల్ పెట్టె వెనక "టెంపరరిలీ రిలీవ్స్" అని జాగ్రత్తగా రాస్తారు.

మూలం మిగిలి ఉంటుందన్న సంగతి మన ప్రభుత్వ భాషలో గల్లంతైంది. ఢిల్లీలో 2017 దాకా గృహనిర్మాణ శాఖ ఇంగ్లీషు పేరులో "అర్బన్ పావర్టీ అలీవియేషన్" అని ఉండేది. అంటే పట్టణాల్లో పేదరికపు బాధను తేలికపరచడం. తెలుగులో మాత్రం దాన్ని పేదరిక నిర్మూలన అనే రాసేవాళ్ళు. నిర్మూలన అంటే మూలంతో సహా పీకేయడం. దానికి సరైన ఇంగ్లీషు "ఎరాడికేషన్", అందులోనూ "వేరు" అనే లాటిన్ మాటే దాగుంది. పల్లెల్లో, పట్టణాల్లో పేదరికం మీద పనిచేసే మన సెర్ప్, మెప్మా సంస్థల ఇంగ్లీషు పేర్లలో ఉన్నది "ఎలిమినేషన్", కాబట్టి అక్కడ నిర్మూలన సరిపోతుంది. అనువాదం చేసేవాళ్ళు ఈ మూడు మాటల్నీ కలిపేస్తే, తేలికపరుస్తామన్న హామీ తుడిచేస్తామన్న హామీగా మారిపోతుంది. ఇది చిన్న తప్పు కాదని నా గట్టి నమ్మకం.

ఆఫీసు వాడకంలో ఇంకో ప్రమాదం ఉంది. మన ఉద్యోగులు "నిన్న రిలీవ్ అయ్యాను, రేపు అక్కడ జాయినవుతాను" అంటారు. రిలీవింగ్ ఆర్డరు, రిలీవింగ్ లెటరు మనకి రోజువారీ మాటలు. బ్రిటన్‌లోనో అమెరికాలోనో ఇంటర్వ్యూకి కూర్చుని "ఐ వజ్ రిలీవ్డ్ ఆన్ థర్టీఫస్ట్ మార్చ్" అంటే, కొందరికి "ఆ రోజు హమ్మయ్య అనుకున్నాను" అని వినిపిస్తుంది. దానికి "ఆఫ్ మై డ్యూటీస్" చేర్చితే ఇంకా చిక్కు, పనిలోంచి తీసేశారని వాళ్ళకి అర్థమవుతుంది. 1951 ఏప్రిల్ 11న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన సేనాని జనరల్ మెకార్థర్‌ను పదవి నుంచి తప్పించినప్పుడు వాడిన మాట కూడా "రిలీవ్" అనేదే. అక్కడ "మై లాస్ట్ డే వజ్ థర్టీఫస్ట్ మార్చ్" అని చెప్పండి, చాలు.

దిగులుగా ఉన్న స్నేహితుడికి ధైర్యం చెబుతూ "రిలీవ్ యువర్‌సెల్ఫ్" మాత్రం అనకండి. ఇంగ్లీషులో దానర్థం మూత్రానికి వెళ్ళడం. మనసు తేలికపడినప్పుడు చెప్పే మాట "ఐయామ్ సో రిలీవ్డ్" లేదా "వాట్ ఎ రిలీఫ్". మన "హమ్మయ్య"కి ఇంతకంటే దగ్గరి మాట ఇంగ్లీషులో లేదు.

"రిలీఫ్" అన్న నామవాచకం మన పత్రికల్లో రకరకాల వేషాలు వేస్తుంది. సీఎం రిలీఫ్ ఫండ్‌లో సహాయం. పెన్షనర్ల డియర్‌నెస్ రిలీఫ్‌లో భృతి. కోర్టు పిటిషన్‌లో "రిలీఫ్" అంటే కోర్టును మీరు కోరుకునేది. "సుప్రీంలో ఊరట" అన్న శీర్షిక ఈ చివరిదాన్ని చాలా అందంగా పట్టుకుంది. ఆ శీర్షిక మొదట పెట్టిన సబ్ ఎడిటర్ ఎవరో గానీ చెయ్యెత్తి మొక్కాలి.

దెబ్బ ఇంకా పడలేదా? మిటిగేట్

దీని లాటిన్ మూలం "మీటిస్", మెత్తనిది అని అర్థం. రాబోయే దెబ్బను, లేదా పడిన దెబ్బ తీవ్రతను మెత్తబరచడం మిటిగేట్. దీనికీ రిలీఫ్‌కీ తేడా తెలియాలంటే మన కోస్తానే చూడాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పంచిన బియ్యం, బట్టలు, మందులు రిలీఫ్. ఆ విషాదం తర్వాత తీరం వెంట కట్టిన తుపాను షెల్టర్లు మిటిగేషన్. ప్రపంచ బ్యాంకు సాయంతో మొదటి దశలో ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో చేపట్టిన కేంద్ర పథకం పేరు కూడా నేషనల్ సైక్లోన్ రిస్క్ మిటిగేషన్ ప్రాజెక్టు. షెల్టర్లు, వాటికి దారులు, ఉప్పునీళ్ళను ఆపే కరకట్టలు దాని పనులు. తుపానును ఎవరూ ఆపలేరు. దాని దెబ్బను మెత్తబరచగలరు.

వాతావరణ మార్పుల వార్తల్లో "మిటిగేషన్"ని ఉపశమనం అని రాస్తున్నారు. చదివినవాళ్ళకి అది సహాయం లాగా వినిపిస్తుంది. అక్కడ దాని అర్థం కర్బన ఉద్గారాలను తగ్గించడం, అంటే వేడెక్కడానికి కారణమయ్యేదాన్నే అదుపు చేయడం. వచ్చిన వేడికి తగ్గట్టు మనం మారడం "అడాప్టేషన్". నన్నడిగితే మొదటిదాన్ని "తీవ్రత తగ్గింపు" అని రాయడమే నయం.

కోర్టుల్లో "మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్" అంటారు. నేరం చేయలేదని వాటి అర్థం కాదు, శిక్షను మెత్తబరచడానికి ఉన్న కారణాలని అర్థం. ముద్దాయి వయసు, అతను మారే అవకాశం, అతనున్న మానసిక స్థితి లాంటివి. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉరిశిక్ష విషయంలో వీటిని తూచి చూడాలని చెప్పింది.

"మిటిగేట్ అగైన్‌స్ట్" అని రాసేవాళ్ళు ఇంగ్లీషువాళ్ళలో కూడా బోలెడుమంది. వాళ్ళ మనసులో ఉన్న మాట "మిలిటేట్ అగైన్‌స్ట్". అది సైనికుడికి చెందిన వేరే మూలం, ఎదురు నిలవడం అని అర్థం. మిటిగేట్ పక్కన అగైన్‌స్ట్ అక్కర్లేదు.

సడలిందా? ఈజ్

ఈ జాబితాలో మీరు ఒక్క మాటే నేర్చుకుంటానంటే నేను "ఈజ్" ఇస్తాను. నొప్పికీ పనికొస్తుంది, వానకీ, ట్రాఫిక్‌కీ, ఆంక్షలకీ, మనసుకీ పనికొస్తుంది. నోటిమాటలోనూ రాతలోనూ ఎబ్బెట్టుగా ఉండదు. బిగుసుకున్నదేదో వదులవడం దాని లోపలి బొమ్మ. 2020లో లాక్‌డౌన్ సడలింపులు అని మన పత్రికలు రాసినప్పుడు ఇంగ్లీషు పత్రికల్లో కనిపించింది ఇదే మాట. ఎన్‌సీసీ పరేడులో విశ్రామ్ చెప్పే చోట ఇంగ్లీషు కమాండు "స్టాండ్ ఎట్ ఈజ్". బిగించిన ఒళ్ళు కొంచెం వదులు చేయడమే అది. పూర్తిగా సెలవిచ్చినట్టు కాదు.

ఆ "కొంచెం" చాలా ముఖ్యం. ఈజ్ అయిందంటే పోయిందని కాదు. ఆర్థిక వార్తల్లో "ఇన్‌ఫ్లేషన్ ఈజెస్" అని చూసి, ధరలు దిగాయని సంబరపడి, బజారుకెళ్ళి నిరాశపడేవాళ్ళు ఎందరో. పోయినేటి ముందేడు 100 రూపాయలకు వచ్చే సరుకులు నిరుడు 108 అయ్యాయనుకోండి. ఈ ఏడు 111 అయ్యాయి. పెరిగే వేగం 8 శాతం నుంచి మూడు శాతం లోపుకి పడింది. ద్రవ్యోల్బణం ఈజ్ అయినట్టే. కానీ సంచీలో సరుకుల ధర మాత్రం ఇంకా పైకే పోయింది. తెలుగు శీర్షికలో "ద్రవ్యోల్బణం తగ్గింది" అన్న చోట "ధరల పెరుగుదల నెమ్మదించింది" అని రాస్తే సామాన్య పాఠకుడికి మోసం జరగదు.

తగ్గుముఖం పట్టిందా? సబ్‌సైడ్, అబేట్, రిసీడ్

ఇవి ఎవరూ తగ్గించేవి కావు, తమంతట తాము తగ్గేవి. భద్రాచలం దగ్గర గోదావరిని చూసినవాళ్ళకి ఈ మూడూ తేలిగ్గా పట్టుబడతాయి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో నది 71 అడుగులు దాటింది. పైన వాన జోరు చచ్చుబడితే "ద రెయిన్ అబేటెడ్". ఉధృతంగా లేచిన వరద మెల్లగా కూర్చుంటే "ద ఫ్లడ్ సబ్‌సైడెడ్". వీధుల్లోకి వచ్చిన నీళ్ళు వెనక్కి మళ్ళితే "ద వాటర్స్ రిసీడెడ్". అబేట్‌లో పాత ఫ్రెంచి "కొట్టి పడగొట్టు" ఉంది, అంటే జోరు విరగడం. సబ్‌సైడ్‌లో లాటిన్ "కింద కూర్చోవడం" ఉంది. అందుకే నేల కుంగిపోవడాన్ని కూడా "సబ్‌సిడెన్స్" అంటారు, బొగ్గు గనుల ఊళ్ళవాళ్ళకి ఈ మాట బాగా తెలుసు.

వానలో గొడుగు కింద నిలబడి పక్కవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం అబేట్ అనకండి, పేపరు చదివినట్టుంటుంది. "ఇట్స్ లెటింగ్ అప్" అనండి. మన "తెరిపిచ్చింది"కి అచ్చమైన జోడీ అదే. పూర్తిగా వెలిస్తే "ఇట్స్ స్టాప్డ్". గొడవ సద్దుమణిగితే "డైడ్ డౌన్". మనిషి కోపం చల్లారితే "కామ్డ్ డౌన్" లేదా "కూల్డ్ డౌన్".

పొలం దావాలు నడుపుతున్న కుటుంబాలకు ఒక్కమాట. కోర్టులో "అబేట్" అంటే జోరు తగ్గడం కాదు, కేసే పడిపోవడం. దావా నడుస్తుండగా వాది గానీ ప్రతివాది గానీ చనిపోతే, చట్టబద్ధ వారసుల్ని రికార్డులోకి తేవడానికి 90 రోజుల గడువు ఉంటుంది. అది దాటితే చనిపోయిన మనిషి వరకు దావా అబేట్ అవుతుంది. దాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి మళ్ళీ వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. తండ్రి పోయిన దుఃఖంలో ఉన్నవాళ్ళకి వకీలు గుమాస్తా ఫోన్ చేసి ఆ మాట చెబితే, తగ్గిందట కదా అని ఊరుకోకండి. అదే రోజు వెళ్ళి వకీలును కలవండి.

మనసు కుదుటపడిందా?

భయానికీ సందేహానికీ అనుమానానికీ "అలే". పాత ఇంగ్లీషులో దీని అర్థం కింద పెట్టడం. టీకా గురించి జనం భయపడుతుంటే ఆరోగ్యశాఖ "టు అలే ఫియర్స్" ప్రకటన ఇస్తుంది. మాట్లాడేటప్పుడు ఇది బరువుగా ఉంటుంది. రోగి ముందు "లెట్ మీ పుట్ యువర్ మైండ్ ఎట్ రెస్ట్" అంటే ఎంతో ఆత్మీయంగా ఉంటుంది.

తీరేవాటికి "అస్వేజ్". ఆకలి, దాహం, తప్పు చేశానన్న బాధ. లాటిన్ "సువావిస్", అంటే తీయనిది, దీనికి మూలం. ఇది బాగా రాతమాట. వ్యాసంలో ఒకసారి వాడితే అందం, నోటితో అంటే కృతకం.

పసిపిల్లలకీ, మండే చర్మానికీ, గరగరలాడే గొంతుకీ "సూద్". దీని చరిత్ర నాకు ప్రాణం. పాత ఇంగ్లీషులో "సూత్" అంటే నిజం. "సూద్" అంటే మొదట నిజమని ఒప్పుకోవడం, ఆ తర్వాత ఎదుటివాళ్ళు అన్నదానికల్లా ఔనౌను అనడం, చివరికి ఊరడించడం. ఏడ్చే పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని "ఔను నాన్నా, ఆ గడప నిన్ను కొట్టింది, దాన్ని కొడదాం" అనే అమ్మమ్మ చేసేది అక్షరాలా అదే.

అలిగినవాళ్ళని బుజ్జగించడం "ప్లకేట్". టికెట్ రాని నాయకుల్ని అధిష్ఠానం బుజ్జగించడం ఇదే. "అపీజ్" అని మాత్రం రాయకండి. 1938లో బ్రిటన్, ఫ్రాన్స్ హిట్లర్‌కి తలొగ్గి చేసుకున్న మ్యూనిక్ ఒప్పందం తర్వాత ఆ మాటకి మచ్చ పడింది. బెదిరించేవాడికి లొంగిపోవడం అన్న వాసన దాన్ని వదల్లేదు.

ఆసుపత్రి గదిలో

నా విద్యార్థుల బతుకుతెరువు ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నొప్పి గురించి అడగడానికి బ్రిటన్ వైద్య విద్యలో "సోక్రటీస్" అని ఒక గుర్తుపెట్టుకునే పేరు ఉంది. ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్న: ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, ఎలాంటిది, ఎటు పాకుతోంది, ఇలా. అందులో ఒక "ఈ" అక్షరం కింద "ఎగ్జాసర్బేటింగ్ అండ్ రిలీవింగ్ ఫ్యాక్టర్స్" వస్తుంది. దేనితో ఎక్కువవుతోంది, దేనితో నెమ్మదిస్తోంది అని. రోగిని ఆ మాటల్లోనే అడిగితే బెదిరిపోతారు. నర్సు నోటి నుంచి రావలసింది "డజ్ ఎనీథింగ్ హెల్ప్?" అవును, ఇన్ని మాటలున్నా ఇంగ్లీషు ఇంట్లో ఎక్కువగా వినిపించేది "హెల్ప్". "ద టాబ్లెట్స్ హెల్ప్డ్ ఎ లాట్." ఉత్తరంలో రిలీవ్, మంచం పక్కన హెల్ప్. విదేశాలకు వెళ్ళే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఓఈటీలో 45 నిమిషాల్లో రాసే ఉత్తరానికీ, మాట్లాడే భాగానికీ నేను ఈ తేడానే పదేపదే చెబుతాను.

"వేర్ ఆఫ్"తో జాగ్రత్త. "ద పెయిన్ ఈజ్ వేరింగ్ ఆఫ్" అంటే నొప్పి వదులుతోంది, మంచి వార్త. "ద టాబ్లెట్ ఈజ్ వేరింగ్ ఆఫ్" అంటే మందు ప్రభావం వదులుతోంది, కాసేపట్లో నొప్పి మళ్ళీ వస్తుంది. కర్త మారితే వార్త తిరగబడుతుంది.

క్యాన్సర్ వార్డులో "రెమిషన్" వింటారు. జబ్బు ఆనవాళ్ళు తగ్గాయి లేదా కనిపించడం లేదు అని దానర్థం. నయమైందని డాక్టరు అనడం లేదు, ఆ మాట మీ అమ్మానాన్నలకి తెలుగులో చెప్పేటప్పుడు "తగ్గిపోయిందట" అనకండి. "ప్రస్తుతానికి జబ్బు కనిపించడం లేదు, చూపించుకుంటూ ఉండాలి" అనండి. "పాలియేటివ్" విన్నప్పుడు ఇంకా నెమ్మదిగా చెప్పాలి. దాని వెనక లాటిన్ "పాలియం" ఉంది, అంటే పైన కప్పుకునే వస్త్రం. చలిలో ఉన్న మనిషికి దుప్పటి కప్పడం లాంటి వైద్యం. ఆశ వదిలేశారని కాదు. జబ్బు ఏ దశలో ఉన్నా, మామూలు చికిత్స పక్కనే, నొప్పినీ ఆయాసాన్నీ దిగులునూ తేలికచేసే వైద్యం అది. "ఇంకేం చేయలేం" అని దాన్ని అనువదించిన ఒక ఇంట్లో ఆ పెద్దాయన వారం రోజులు తిండి మానేశాడు. ఆ ఇల్లు నాకు తెలుసు.

చివరిగా అన్నిటికంటే పెద్ద చిక్కు. మనం ఒకరిని "జ్వరం తగ్గిందా?" అని అడిగినప్పుడు పూర్తిగా పోయిందా అనే అడుగుతున్నాం. "తగ్గింది" అన్న జవాబుకి నయమైందనే అర్థం. తెలంగాణలో "జరం తక్కువైందా?" అన్నా అంతే. ఇంగ్లీషు "రెడ్యూస్డ్" అలా కాదు, అందులో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. నొప్పి పూర్తిగా పోయిన తెలుగు రోగి "పెయిన్ రెడ్యూస్డ్" అంటే డాక్టరు ఇంకో డోసు రాయవచ్చు. కొంచెమే నెమ్మదించిన రోగి కూడా అదే మాట అంటాడు. రెండు స్థితులకీ ఒకే వాక్యం వస్తుంది.

నా దగ్గర చదువుకుని ఇంగ్లాండు వెళ్ళిన ఒకమ్మాయి పోయినేడు ఫోన్ చేసింది. వాళ్ళ వార్డులో కొడుకు దగ్గరికి వచ్చి జబ్బుపడిన ఒక గుంటూరు పెద్దావిడ ఉందట. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు అడిగితే ఆవిడ "రెడ్యూస్డ్, రెడ్యూస్డ్" అని తలూపింది. డాక్టరు రాసుకోబోతుంటే మా అమ్మాయి ఒక్క నిమిషం అని ఆపి, మంచం పక్కకి వంగి అడిగింది.

"పెద్దమ్మా, పూర్తిగా పోయిందా, కాస్త నెమ్మదించిందా?"

"ఎక్కడ పోయిందమ్మా, రాత్రికంటే కాస్త నెమ్మదించింది అంతే."

షీటులో "ఈజ్డ్, నాట్ రిజాల్వ్డ్" అని రాశారు.